దయామణి చూసిన రెండో పెద్దపదం

నేను ఉద్యోగం మానుకున్నప్పుడు పాత విద్యార్థులు కలిసి ఒక చిన్న సంచిక వేశారు. అందులో ఒకరు నా గురించి రాస్తూ, "సార్ దగ్గర ఒక మంచి పరిశోధకురాలు ఉండేవారట. ఆమెను ఫ్యాక్షన్ మింగేసింది" అన్నారు. ఆ వాక్యం రాసినవారి తప్పేమీ లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట చెప్తూ వచ్చింది నేనే. అది నిజం కాదు.

యాభై అయిదేళ్ళకే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఎందుకని అడిగినవాళ్ళకు వెన్నునొప్పి అన్నాను. అదీ సగమే నిజం. గణితంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతారని రాస్తున్నాను. నా హోదాలు, బదిలీలు మీకు పనికిరావు, వాటిని వదిలేస్తాను. ఒక తప్పు గురించి మాత్రం చెప్పాలి. ఎలా జరిగిందో చెప్పగలను. ఎందుకు జరిగిందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు.

పులివెందులలో నేర్చుకున్న మాట

మాది చక్రాయపేట దగ్గర ఒక పల్లె. మా నాయన పౌరోహిత్యం చేసేవాడు. ఎమ్మెస్సీ అయ్యాక నేను మొదట పులివెందులలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. అవి ఫ్యాక్షన్ రోజులు. చేరిన నెలలోనే ఒక విద్యార్థి మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చి, "ఊర్లో గలాటా సార్" అన్నాడు. ఏం గలాటా అని అడిగాను. వాడు తల వంచుకున్నాడు. తరగతి మొత్తం నన్ను వింతగా చూసింది.

మా స్టాఫ్ రూంలో ఫిజిక్స్ చెప్పే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆ మధ్యాహ్నం నన్ను పక్కకు పిలిచి, "అట్ల అడగాకప్పా. నిజమైతే వాడు చెప్పలేడు. అబద్ధమైతే నువ్వు తేల్చలేవు. ఊరకుండేది మేలు" అన్నారు.

రెండు వారాల తర్వాత తెలిసింది, ఆ మూడు రోజులూ వాడు వాళ్ళ చిన్నాయన వెంట ఎద్దుల బండలాగుడు పందేలకు పోయాడని. నేను నవ్వుకున్నాను. వాడిని ఏమీ అనలేదు. కానీ ఒక సంగతి మనసులో పడిపోయింది: ఈ జిల్లాలో ఎవరూ తరచి చూడని కారణం ఒకటుంది. అది చెప్తే ఎదుటివాళ్ళు తలవంచుకుని తప్పుకుంటారు.

గణితంలో అందరికంటే ముందు అనుమానించాల్సింది అలాంటి మాటనే, ఎవరూ తరచి చూడనిదాన్నే. ఈ సంగతి పిల్లలకు ఎన్నోసార్లు బోధించాను.

పోస్టరు వెనక

తర్వాత ప్రొద్దుటూరులో డిగ్రీ పాఠాలు చెప్పడానికి వచ్చాను. ఇక్కడే పరిశోధన మొదలుపెట్టాను. నా విషయం క్వాంటం అఫైన్ ఆల్జీబ్రాలు. పేరు చూసి బెదరవద్దు. నేను చేసిన పని ఏమిటో మామూలు మాటల్లో చెప్తాను.

ఈ ఆల్జీబ్రా అంటే లెక్కలేనన్ని క్రియల సమూహం. దాన్ని నేరుగా చూడలేము. అది ఏదైనా ఒక చోట పనిచేస్తుంటే, ఆ పనితీరును బట్టి తెలుసుకుంటాము. అలా పనిచేసే చోటును ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పే జాబితాను క్యారెక్టర్ అంటాము. జాబితాలో ప్రతి పదమూ ఒక భిన్నంలాగా ఉంటుంది. పైన కొన్ని అక్షరాలు, కింద కొన్ని అక్షరాలు. హారంలో ఏమీ లేని పదాన్ని మేము పెద్దపదం అనేవాళ్ళం. ప్రతి ఇంటికీ అందరికంటే పైన ఒక పెద్దపదం ఉంటుంది. దాని నుంచి ఒక నియమం ప్రకారం ఒక్కో మెట్టూ దిగుతూ పోతే మిగతా పదాలు వస్తాయి. పైనున్న అక్షరం కిందికి పోతుంది, పక్క అక్షరాలు పైకి వస్తాయి. ఇంట్లో పెద్దపదం ఒక్కటే ఉంటే ఈ పద్ధతి ఎన్నడూ తప్పదు. మధ్యలో ఎక్కడో ఇంకో పెద్దపదం దాగి ఉంటే మాత్రం నమ్మలేము. పైనుంచి దిగేవాడికి అది కనబడకపోవచ్చు.

ఒక రకం ఇళ్ళ విషయంలో ఈ పద్ధతి ఎప్పుడూ సరిపోతుందని నేను ఒక సిద్ధాంతం రాశాను. నా గైడు కోస్తావైపు మనిషి, మంచివాడు, తొందరమనిషి. నిరూపణలో రెండు చోట్ల "ఇది స్పష్టమే" అని రాసుకున్నాను. ఆయన ఆ రెండు చోట్లా పెన్సిలుతో గీత గీసి, తర్వాత తానే చెరిపేశారు. ఎందుకు చెరిపారని నేను అడగలేదు.

ఈ జాబితాలు మామూలు కాగితంలో పట్టవు. వందల పదాలు, వాటి మధ్య బాణాలు. మా కాలేజీ అటెండరు మస్తాన్ వాళ్ళ బావమరిది ప్రెస్సులో పనిచేసేవాడు. ఎన్నికలు అయిపోయాక మిగిలిన పోస్టర్ల కట్టలు మస్తాన్ నాకు తెచ్చి ఇచ్చేవాడు. ఒకవైపు నాయకుని ముఖం, రెండోవైపు తెల్లగా, నున్నగా. "ఈతూరి ఓడిపోయినోల్లవి శానా ఉండాయి సార్. గెలిసినోల్లు ఒగటీ మిగల్చలా" అనేవాడు. నాలుగు పోస్టర్లు అంటిస్తే ఒక మంచి జాబితా పట్టేది. ఎవరి పోస్టరో నేను పట్టించుకునేవాడిని కాదు.

దయామణి

దయామణి జమ్మలమడుగు అవతల పెన్న ఒడ్డున ఒక పల్లెలో ఉండేది. హైస్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళ ముత్తాత మిషన్ బడిలో చదువుకుని ఆ బడిలోనే పంతులయ్యాడట. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో అందరూ టీచర్లే. నాకు డాక్టరేటు వచ్చాక నా పర్యవేక్షణలో ఎం.ఫిల్.కు చేరి, సెలవు శనివారాల్లో బస్సులో ప్రొద్దుటూరుకు వచ్చేది. తక్కువ మాట్లాడేది. అర్థం కాకపోతే అయినట్టు తల ఊపేది కాదు. ఆ గుణం నాలో లేదు.

ఒక శనివారం నేను నా సిద్ధాంతానికి చిన్న ఉదాహరణ ఒకటి, ఆల్జీబ్రా ఏ రకానిదో చెప్పే మూడు బిందువుల బొమ్మ మీద, పోస్టరు వెనక పూర్తిగా వేసి, ఇంటికి తీసుకుపోయి అర్థం చేసుకొమ్మని చుట్టి ఇచ్చాను. ఆమె విప్పి ముందు అవతలివైపు చూసింది.

"సార్, ఇది పట్టుకొని నేను మా ఊర్లో దిగలేను."

"ఎందుకమ్మా?"

"బస్సులో చుట్ట ఇడిపోతే ఎవురి మొగం కనపడ్తాదో సూడండి. మేము రెండు పక్కలా పిల్లోల్లకు సదువు చెప్పేటోల్లం సార్. మాకు ఏ మొగమూ వద్దు."

అయితే ఇక్కడే కూర్చుని ఎత్తి రాసుకొమ్మన్నాను. బస్సుకు వేళ అవుతోంది. ఆమె పైనున్న పెద్దపదం ఒక్కటే చేతి నోటుబుక్కులో రాసుకుని, "మిగిలింది నేనే చేసుకుంటా లెండి" అని వెళ్ళిపోయింది.

నా పోస్టరు ఆమె దగ్గర ఉండి ఉంటే దాన్ని చదివేది. లేదు కాబట్టి తానే చేసింది, అదీ నా దారిలో కాదు. పైనుంచి మెట్లు దిగడం ఆమెకు ఇంకా బాగా రాదు. అందుకని తెలిసిన రెండు చిన్న జాబితాలను గుణించింది. ఆ లబ్ధంలో ఏ భాగం వేరే ఇంటిదో మాకు ముందే తెలుసు. దాన్ని తీసేస్తే మిగిలేది నా జాబితా కావాలి. కాలేదు. మిగిలినదాంట్లో నా జాబితాలో లేని పదాలు కొన్ని ఉన్నాయి.

తర్వాతి సెలవు శనివారం నా ముందు నోటుబుక్కు పెట్టింది. "సార్, ఈ ఇంట్లో ఇంగో పెద్దమనిషి ఉండాడు. మీరు ఒక్కున్నే లెక్కబెడ్తాండారు."

చూశాను. నిజంగానే అక్కడ హారం లేని పదం ఒకటి నిలబడి ఉంది. నా పద్ధతి దాన్ని చూడలేదు. నేను వెంటనే అన్నాను, అది ఈ ఇంటిది కాదు, లబ్ధంలో మూడో ఇల్లు ఒకటి ఉండి ఉంటుంది, ఆ పెద్దమనిషి ఆ ఇంటివాడు అని. అది న్యాయమైన అభ్యంతరమే. ఆమె మారుమాట లేకుండా తల ఊపి వెళ్ళింది. నిజంగా అర్థమైతేనే తల ఊపే మనిషి కాబట్టి నాకు ధైర్యం వచ్చింది.

మళ్ళీ వచ్చినప్పుడు నాలుగు పేజీలు తెచ్చింది.

"మూడో ఇల్లయితే, ఆ ఇంటి మనుషులందరూ ఈ మిగిలినదాంట్లో ఉండాల గదా సార్. ఒకరొకరినే పిల్సి చూసినా. ఒక మనిషి లేడు. ఇంటోల్లు లేకుండా ఇల్లెట్ల ఉంటాది? అందుకే ఆ పెద్దమనిషి మన ఇంటోడే."

అంతే నిరూపణ. దానిలో "స్పష్టమే" అనే మాట ఎక్కడా లేదు.

నేను ఆ నాలుగు పేజీలు వారమంతా చూశాను. మొదటిసారి తప్పు వెతికాను. రెండోసారి తప్పు ఉంటే బాగుండునని వెతికాను. మూడోసారికి నాకు తెలిసిపోయింది. ఆమె చెప్పింది సరైనది. నా సిద్ధాంతం తప్పు.

ఆ తర్వాతి సెలవు శనివారం ఆమె వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు నా నోట వచ్చిన మాట ఇది: "ఎక్కడో తప్పుందమ్మా. మళ్ళీ చూడు."

ఎర్రగుంట్ల స్టేషన్

ఆ రోజుల్లోనే చెన్నైలో ఒక సదస్సు జరగబోతోంది. నన్ను నా సిద్ధాంతం మీద మాట్లాడమన్నారు. నా విద్యార్థికి కూడా పది నిమిషాలు ఇచ్చారు. విద్యార్థుల్లో బాగా మాట్లాడినవాళ్ళను రెండేళ్ళు అక్కడే ఉండి పరిశోధన చేసుకోవడానికి తీసుకుంటామని ఉత్తరంలో రాశారు. ఇద్దరి ఉత్తరమూ ఒకే కవరులో, నా పేరు మీద వచ్చింది.

నేను దయామణికి, ఈసారి విద్యార్థుల ప్రసంగాలు రద్దు చేశారని చెప్పాను. చెన్నైవాళ్ళకు, ఆమె రాలేకపోతోందని రాశాను. ఒక్క రోజులో రెండు అబద్ధాలు. రెండూ రాసుకున్న పాఠంలాగా తడబాటు లేకుండా వచ్చాయి.

బయలుదేరే రోజు పొద్దున ఎర్రగుంట్లలో రైలు కోసం నిలబడి ఉన్నాను. సిమెంటు లారీల దుమ్ము ప్లాట్‌ఫారం దాకా వస్తోంది. ఆ దుమ్ములో దయామణి నడుచుకుంటూ వచ్చింది. తెల్లవారుజామునే వాళ్ళ ఊరి బస్సెక్కి, జమ్మలమడుగులో మారి వచ్చిందట. చేతిలో ఆ నాలుగు పేజీలు, ఈసారి శుభ్రంగా, గుండ్రటి చేతిరాతతో తిరగరాసినవి.

"ప్రసంగాలు లేకుంటే పాయె సార్. ఇవి ఆడ పెద్దోల్లకు ఎవురికన్నా చూపియ్యండి. తప్పు యాడుందో నాకు దొరకలా. వాల్లన్నా చెప్తారు."

తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. రైలు కదిలేదాకా ఆమె అక్కడే నిలబడింది.

చెన్నైలో నా ప్రసంగం బాగానే సాగింది. అయిపోయాక సభకు అధ్యక్షత వహించినాయన ముందే అచ్చయిన వక్తల జాబితా చూసి, మీ విద్యార్థి పేరు ఉంది కదా, రాలేదేమని అడిగారు. చేరిన కొత్తలో పులివెందులలో విన్న మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. మా ప్రాంతం సంగతి మీకు తెలుసు కదా, వాళ్ళ ఊళ్ళో గొడవలు, బస్సులు తిరగడం లేదు అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి, పాపం అన్నారు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. టీ దగ్గర నలుగురు చుట్టూ చేరారు. నేను బాంబుల కథలు చెప్పాను. కొన్ని విన్నవి, కొన్ని అక్కడికక్కడ కల్పించినవి. నా సిద్ధాంతం గురించి అడిగినవాళ్ళకంటే ఆ కథలు అడిగినవాళ్ళే ఎక్కువ. బస్సులు తిరగడం లేదని చెప్తున్నప్పుడు, ఆ బస్సులో వచ్చిన కాగితాలు నా భుజాన వేలాడే సంచిలో ఉన్నాయి.

ఇది ఎందుకు చేశానో మీకు చెప్పగలిగితే బాగుండేది. స్వార్థం అనుకుందామన్నా లెక్క కుదరదు. నా సిద్ధాంతం తప్పని చూపే ఆ ఉదాహరణను మేమిద్దరం కలిసి ప్రకటించి ఉంటే నా చిన్న సిద్ధాంతానికి వచ్చినదానికంటే పది రెట్లు పేరు వచ్చేది. భయమా అంటే, నన్ను ఎవరూ ఏమీ చేసేవాళ్ళు కాదు. తప్పు సిద్ధాంతం రాయని గణితజ్ఞుడు లేడు. ఆడపిల్ల, పల్లెటూరి టీచరు, పైగా నాకంటే ముందు చూసింది అనే కుళ్ళు ఉందా? ఉండే ఉంటుంది. కానీ ఆ నాలుగు పేజీలు చదువుతున్నప్పుడు నాకు కుళ్ళు గుర్తు లేదు. ఎంత అందంగా ఉందో అన్నదే గుర్తు. అందంగా ఉందని తెలిసిన మనిషి అలా ఎలా చేస్తాడు? ఇక్కడికి వచ్చేసరికి నాకు దారి తెలియదు.

ఆ తర్వాత

తిరిగి వచ్చాక దయామణి ఒకే మాట అడిగింది, పెద్దవాళ్ళు ఏమన్నారని. చూశారు, వాళ్ళూ తప్పుందనే అన్నారు అని చెప్పాను. ఆమె ఇంకో నాలుగైదు శనివారాలు వచ్చింది. తర్వాత రావడం మానేసింది. ఎం.ఫిల్. పూర్తి చేయలేదు. శాఖలో అడిగితే, వాళ్ళ ఊరి పరిస్థితి బాగాలేదు అన్నాను. అందరూ తలవంచుకుని తప్పుకున్నారు. మస్తాన్ ఒక్కడే, "జమ్మలమడుగు బస్సులు తిరుగుతానే ఉండాయి గద సార్" అన్నాడు. వినబడనట్టు పక్కకు తిరిగాను.

కొన్నేళ్ళకు వేరే దేశంలో ఎవరో అలాంటి ఉదాహరణనే అచ్చువేశారు. నా సిద్ధాంతం తప్పని ఒక వాక్యంలో, మర్యాదగా రాశారు. నేను సవరణ ప్రకటించి వాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాను. గైడు ఫోన్ చేసి ఓదార్చారు. "ఆ పెన్సిలు గీతలు నేను చెరపకుండా ఉండాల్సింది" అని తప్పు తన మీద వేసుకున్నారు. అప్పుడైనా ఆయనకు చెప్పి ఉండాల్సింది. ఆయన ఇప్పుడు లేరు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. మీ విద్యార్థి మీ తప్పు పట్టుకుంటే ఆ రోజే అందరి ముందూ చెప్పేయండి. మర్నాడు చెప్పడం కష్టం, నెల తర్వాత చెప్పలేరు. ఇంకొకటి: మన ప్రాంతం మీద జాలిపడేవాళ్ళకు మన ప్రాంతాన్ని సాకుగా చూపించవద్దు. ఆ రోజుల్లో నిజంగా చదువు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, మనుషుల్నే పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కష్టాన్ని నేను వాడుకున్నాను.

జమ్మలమడుగు

సంచిక వచ్చిన వారానికి జమ్మలమడుగు బస్సెక్కాను. దయామణి ఇప్పుడు అక్కడికి దగ్గరలో ఒక హైస్కూలుకు ప్రధానోపాధ్యాయురాలు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడి, నీళ్ళు తెప్పించింది. సంచిలోంచి ఆ నాలుగు పేజీలు తీసి బల్ల మీద పెట్టాను. అంచులు పసుపుబారాయి.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఉత్తరం సంగతి, ప్రసంగాలు రద్దు కాలేదన్న సంగతి, ఎవరికీ ఈ పేజీలు చూపలేదన్న సంగతి. ఆమె రాకపోవడానికి అక్కడ ఏం కారణం చెప్పానో కూడా చెప్పాను.

"గలాటానా?" అంది. "ఆ వారం మా ఊర్లో కోత పండగ సార్. చర్చి కాడ రెండు పార్టీలోల్లూ ఒగే బంతిలో కూసోని తిన్యారు. మీరు రైలెక్కిన దినం సాయంత్రం నేనే వడ్డించినా."

క్షమించమని అడగడానికి వచ్చాను. కానీ ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె పేజీలు తన వైపు తిప్పుకుని చదవసాగింది. బయట ఏడో తరగతి పిల్లలు ఎక్కాలు అప్పజెప్తున్నారు. నాలుగో పేజీ దాకా వచ్చి, వేలు అక్కడే ఉంచింది.

"ఆరేండ్లు వెతికినా సార్, తప్పు యాడుందా అని. పెద్దోల్లు కూడా ఉందన్యారని చెప్తిరి గదా. పిల్లోల్ల పరీక్షలు అయినంక ప్రతి యేడూ కూసోని మొదట్నుంచీ చేసేదాన్ని. దొరకల్యా. నాకు చాతగాదులే అని ఇడ్సిపెట్టినా."

ఇరవై ఏళ్ళుగా ఆమె నుంచి నేను తీసుకున్నది చెన్నైలో రెండేళ్ళు అనుకుంటూ వచ్చాను. అది కాదని అప్పుడు తెలిసింది.

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. కోపం ఉందేమోనని వెతికాను. పాఠం అర్థం కాని రోజున చూసే చూపు ఉంది.

"వేరేదంతా ఇడ్సిపెట్టండి సార్. ఇది చెప్పండి. తప్పుందా, లేదా?"

"లేదమ్మా. ఎక్కడా లేదు."

"అయితే ఆ పెద్దమనిషి ఆ ఇంటోడే."

"ఆ ఇంటివాడే."

ఆమె అర్థమైనట్టు తల ఊపింది.